పక్కపాత్రల మనిషికి జీవితకథ ఎలా రాయాలి: ఒక రాతప్రతి కేస్ స్టడీ

సినిమా పుస్తకాల రాతప్రతులను సరిదిద్దడం నా వృత్తి. నటుల జీవితకథలు తరచుగా వస్తుంటాయి, ఎక్కువ భాగం కథానాయకులవే. వాటిలో ఏ లోపం ఎక్కడ ఉంటుందో దాదాపు చూడకుండానే చెప్పగలను. ఆ మధ్య వచ్చిన ఒక రాతప్రతి దగ్గర మాత్రం ఆ అనుభవం అక్కరకు రాలేదు. ఎందుకు రాలేదో, చివరికి ఏ పద్ధతి కుదిరిందో ఇక్కడ రాసి పెడుతున్నాను. రచయిత అనుమతి తీసుకున్నాను. ఆయన పేరు, ఊరు, పుస్తకం వేయబోతున్న సంస్థ వివరాలు తీసేశాను. పుస్తకం ఎవరి గురించో మాత్రం దాచలేను, దాచితే చెప్పడానికేమీ మిగలదు. ఆ నటుడు థామస్ మిచెల్.

నేపథ్యం

రచయిత కళాశాలలో ఇంగ్లీషు బోధించి విరమణ పొందినవారు. పాత అమెరికన్ సినిమాలంటే ఆయనకు ప్రాణం. కథానాయకుల మీద పుస్తకాలు కొల్లలుగా ఉన్నాయనీ, వాళ్ళ వెనక నిలబడి సినిమాను మోసినవాళ్ళ గురించి తెలుగులో ఎవరూ రాయలేదనీ ఆయన పట్టుదల. ఎంపిక కూడా మంచిదే. మిచెల్ పేరు తెలియని తెలుగు ప్రేక్షకులు కూడా అతని ముఖం చూసే ఉంటారు. 'గాన్ విత్ ద విండ్'లో స్కార్లెట్ తండ్రి జెరాల్డ్ ఒహారా అతనే. 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'లో ఎనిమిది వేల డాలర్లు పోగొట్టే బిల్లీ బాబాయి అతనే. 'హై నూన్' సినిమాలో చర్చిలో లేచి మాట్లాడే మేయరు కూడా అతనే.

1892 జూలై 11న న్యూజెర్సీలోని ఎలిజబెత్ పట్టణంలో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. మొదట పత్రికా విలేఖరి. తరువాత రంగస్థల నటుడు. ఆపైన నాటక రచయిత. మూకీల కాలంలో ఒకసారి కెమెరా ముందుకు వచ్చి వెళ్ళినా, సినిమాల్లో స్థిరపడింది 1936 తరువాతే, అంటే నలభై నాలుగో ఏట. అక్కడి నుంచి 1961 దాకా ఆగలేదు. 1962 డిసెంబరు 17న కన్నుమూశాడు.

వచ్చిన సమస్య

రాతప్రతి శుభ్రంగా ఉంది. తేదీలు సరిగ్గా ఉన్నాయి, పేర్ల ఉచ్చారణ సరిగ్గా ఉంది, దొరికిన ప్రతి సినిమానూ రచయిత స్వయంగా చూశారు. అయినా ముప్పై పేజీలు దాటేసరికి రెప్పలు బరువెక్కుతున్నాయి. ఫలానా ఏడాది ఫలానా చిత్రం, దర్శకుడు ఫలానా, ఇతని పాత్ర ఫలానా, విమర్శకులు మెచ్చుకున్నారు, ఆ వెంటనే మరో చిత్రం. ఈ వరస చివరిదాకా మారదు.

ఫోనులో మాట్లాడినప్పుడు ఆ సంగతి రచయితే ముందుగా ఎత్తారు.

"ఇంత రాశాను గానీ, మనిషి కనబడటం లేదండీ."

"మనిషి ఉన్నాడండీ, సినిమాల పేర్ల కింద పడి ఉన్నాడు," అన్నాను. ఆయన నవ్వారు. నవ్వడం సులువే గానీ, తీయడం ఎలాగో అప్పటికి ఇద్దరికీ తెలియదు.

రాతప్రతిని రెండోసారి చదివినప్పుడు అసలు లోపం అర్థమైంది. రచయిత తెలియకుండానే కథానాయకుడి జీవితకథకు ఉండే నమూనాను ఇక్కడ దించారు. కష్టాలు, తొలి అవకాశం, శిఖరం, దిగుడు. ఈ నమూనాలో శిఖరం కావాలి కాబట్టి 1940 ఫిబ్రవరి 29 రాత్రిని తెచ్చి పుస్తకం నడుమ పెట్టారు. 'స్టేజ్‌కోచ్'లో తాగుబోతు డాక్టరు బూన్ పాత్రకు మిచెల్ ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ అందుకున్న రాత్రి అది. ఇబ్బంది ఏమిటంటే, ఆ బహుమతి అతని వృత్తిలో పెద్దగా దేన్నీ మార్చలేదు. మరుసటి ఏడాది కూడా అంతే నిడివి పాత్రలు, అదే రకం పిలుపులు. సహాయ నటులకు ఆస్కార్ ఇవ్వడం 1936 నాటి చిత్రాలతోనే మొదలైంది. తొలి ఏళ్ళలో వాళ్ళకు బంగారు బొమ్మ కూడా ఇచ్చేవారు కాదు, ఫలకం ఇచ్చి పంపేవారు. మిచెల్ ఇంటికి పట్టుకెళ్ళింది ఆ ఫలకమే. దాన్ని శిఖరంగా నిలబెట్టడంతో మిగతా సగం పుస్తకం దిగుడుగా మారిపోయింది. బిల్లీ బాబాయి, 'హై నూన్' మేయరు వచ్చేది ఆ సగంలోనే!

ఇంకో లక్షణం కూడా కనబడింది. ప్రతి అధ్యాయంలోనూ మిచెల్‌కు ఒక తెలుగు జోడీ ఉంది. ఒకచోట 'హాలీవుడ్ గుమ్మడి', ఇంకోచోట 'అమెరికా రేలంగి'. పాఠకులకు దగ్గర చేయాలన్నది రచయిత ఉద్దేశం. కానీ గుమ్మడి పేరు పడగానే పాఠకుడి కళ్ళ ముందు గుమ్మడి నిలబడతారు, మిచెల్ తప్పుకుంటాడు. ఇవన్నీ తీసేయమన్నాను. ఒక్కటి మాత్రం ఉంచాను, అది నిజంగా వెలుగునిచ్చే పోలిక. 1927లో పుట్టిన గుమ్మడి, తన కన్నా పెద్దవారైన ఎన్టీఆర్, ఏఎన్నార్‌లకు తండ్రిగానూ పెద్దదిక్కుగానూ నటించారని తెలుగువాళ్ళకు తెలుసు. హాలీవుడ్‌లోనూ ఆ లెక్క అంతే. 1937లో వచ్చిన 'మేక్ వే ఫర్ టుమారో'లో మిచెల్‌కు తల్లిగా వేసిన బ్యూలా బాండీ అతని కన్నా మూడు నాలుగేళ్ళే పెద్ద. 'గాన్ విత్ ద విండ్'లో స్కార్లెట్ తల్లిగా, అంటే మిచెల్‌కు భార్యగా వేసిన బార్బరా ఓనీల్ పుట్టింది 1910లో, కూతురుగా వేసిన వివియన్ లీ పుట్టింది 1913లో. తల్లీకూతుళ్ళకు మూడేళ్ళ తేడా! క్యారెక్టర్ నటులకు వయసు ఒక వేషం మాత్రమే అని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మొదట ప్రయత్నించినవి

కాలక్రమం పనికిరాదని తేలాక, దర్శకులవారీగా విడగొడదామని రచయిత సూచించారు. ఆలోచన తీసిపారేయదగ్గది కాదు. జాన్ ఫోర్డ్ దగ్గర 'ది హరికేన్', 'స్టేజ్‌కోచ్', 'ది లాంగ్ వాయేజ్ హోమ్'. ఫ్రాంక్ కాప్రా దగ్గర 'లాస్ట్ హొరైజన్', 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్', 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్', చివరికి 1961లో 'పాకెట్‌ఫుల్ ఆఫ్ మిరకిల్స్'. రెండు పెద్ద పేర్ల కింద ఏడు ముఖ్యమైన సినిమాలు సర్దుకుంటాయి. నేనూ సరేనన్నాను. కథానాయకుడికి దర్శకుడు ఒక మజిలీ, క్యారెక్టర్ నటుడికి దర్శకుడే యజమాని. తనను మళ్ళీ మళ్ళీ పిలిచేవాళ్ళ మీదే అతని బతుకు ఆధారపడుతుంది. ఆ సంబంధం చుట్టూ కథ నడిస్తే బాగుంటుందనిపించింది.

కొత్త ముసాయిదా వచ్చింది. చదివితే ఫోర్డ్ గురించి ఒక పుస్తకం, కాప్రా గురించి ఒక పుస్తకం ఉన్నాయి, మిచెల్ రెండింట్లోనూ అతిథిగా ఉన్నాడు. ఫోర్డ్ అధ్యాయంలో మాన్యుమెంట్ వ్యాలీ ఎర్రకొండల వర్ణన రెండు పేజీలు సాగింది. హోవర్డ్ హాక్స్ దగ్గర చేసినది, ఫ్రెడ్ జిన్నెమన్ దగ్గర చేసినది 'ఇతరులు' అనే అధ్యాయంలోకి వెళ్ళిపడ్డాయి. హాక్స్ తీసిన 'ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్'లోని కిడ్ పాత్రను 'ఇతరులు' అనే గంపలో వేయడం నాకు మింగుడు పడలేదు.

తరువాత పాత్రల రకాలను బట్టి విడగొట్టారు. తాగుబోతులు, డాక్టర్లు, తండ్రులు, పాత్రికేయులు. దీనికీ సమర్థన ఉంది. హాలీవుడ్ తన క్యారెక్టర్ నటులను వాడుకున్నదే ఆ పద్ధతిలో. మాటలు రాసేటప్పటికే ఫలానా వేషానికి ఫలానా మనిషి అనే లెక్క ఉండేది. ప్రేక్షకుడు అతన్ని చూడగానే పాత్రలో సగం అర్థం చేసుకునేవాడు, అందుకే తెర మీద పరిచయానికి సమయం పట్టేది కాదు. డాక్టర్ల జాబితా చూస్తే నవ్వొస్తుంది. 'హరికేన్'లో కెర్సెయింట్, 'స్టేజ్‌కోచ్'లో బూన్, 'అవర్ టౌన్'లో గిబ్స్, 'ది కీస్ ఆఫ్ ద కింగ్‌డమ్'లో టలక్, 1953లో బ్రాడ్వే మీద 'హేజెల్ ఫ్లాగ్'లో డౌనర్. ఆ చివరి డాక్టరుకు నాటకరంగానికిచ్చే టోనీ బహుమతి కూడా వచ్చింది. కెర్సెయింట్, బూన్ ఇద్దరూ తాగుతారు, ఇద్దరూ సమయానికి పురుడు పోస్తారు, ఇద్దరినీ తీసింది ఫోర్డే.

ఈ ముసాయిదా మొదటిదాని కన్నా చాలా సరదాగా ఉంది. దాన్నే ఖాయం చేద్దామని రచయిత ఉబలాటపడ్డారు. నేను ఒక పరీక్ష పెట్టాను. తాగుబోతుల అధ్యాయంలోంచి ఒక్కొక్క పాత్రనూ తీసి, ఆ మనిషి ఎందుకు తాగుతాడో, తాగడం వల్ల కథలో ఏం జరుగుతుందో ఒక్క వాక్యంలో రాయమన్నాను. అధ్యాయం కూలిపోయింది అక్కడే.

బిల్లీ బాబాయి సంగతే చూడండి. అన్నకొడుకు పెళ్ళి సంబరంలో తాగి తూలుతూ ఇంటికి వెళ్ళడం చూశాం కాబట్టి, డబ్బు పోగొట్టింది కూడా తాగిన మైకంలోనేనని చాలామందికి గుర్తు. రాతప్రతిలోనూ అలాగే ఉంది. నిజానికి ఆ ఉదయం అతను తాగి లేడు. యుద్ధంలో సాహసం చూపిన అన్నకొడుకు హ్యారీకి అధ్యక్షుడు పతకం ఇస్తున్నాడన్న వార్త పత్రికలో పడింది. బ్యాంకులో ఆ కుటుంబానికి శత్రువైన పాటర్ ఎదురుపడగానే ఆ పత్రికను ముఖం మీద ఆడించి, పుత్రోత్సాహం లాంటి గర్వంతో దెప్పి, పత్రికను అతని ఒళ్ళోనే పెట్టి వచ్చేస్తాడు. డబ్బు కవరు ఆ పత్రిక మడతల్లో ఉండిపోతుంది. ఆ కుటుంబాన్ని నాశనం అంచుకు తెచ్చింది మత్తు కాదు, పొంగిపోయిన సంతోషం. తాగుబోతు అనే అరలో పడేస్తే ఇది కనబడదు. రకం పేరుతో వెతికితే రకమే దొరుకుతుంది.

రచయిత ఆ సినిమా మళ్ళీ పెట్టుకుని చూశారు. మర్నాడు వచ్చిన ఈమెయిల్‌లో ఒకే వాక్యం: "తాగుబోతుల అధ్యాయం కొట్టేస్తున్నానండీ."

దారి ఎక్కడ దొరికింది

రెండు ముసాయిదాలూ చెడిన తీరులో ఒక పోలిక ఉంది. రెంటిలోనూ కొలమానం సినిమాయే. కానీ మిచెల్ లాంటి నటుడు సినిమా మొత్తం చేయడు. కొన్ని నిమిషాలు వస్తాడు, వెళ్తాడు, మళ్ళీ వస్తాడు. అతని పని అంతా ఆ రాకపోకల మధ్యే ఉంటుంది. కథానాయకుడికి పాత్ర ఎదిగే సమయం కథే ఇస్తుంది. క్యారెక్టర్ నటుడు ఒక సన్నివేశంలో కనబడి, మధ్యలో మనం చూడని కాలాన్ని ఒంటి మీద మోసుకుని ఇంకో సన్నివేశంలోకి రావాలి. కాబట్టి కొలమానం సన్నివేశం కావాలి.

సన్నివేశాల లెక్కన అన్ని సినిమాలూ రాయడం అసాధ్యం. ఎక్కడో ఒకచోట లోతుగా తవ్వి, మిగతాచోట్ల తేలికగా నడవాలి. ఏది తవ్వాలన్న ప్రశ్నకు జవాబు 1939. ఆ ఒక్క ఏడాదిలో మిచెల్ నటించిన ఐదు సినిమాలు విడుదలయ్యాయి. మార్చిలో 'స్టేజ్‌కోచ్', మేలో 'ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్', అక్టోబరులో 'మిస్టర్ స్మిత్', డిసెంబరులో 'గాన్ విత్ ద విండ్', నెల చివర్లో 'ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్ డామ్'. వీటిలో మూడు ఉత్తమ చిత్రం పోటీలో నిలిచాయి. ఒకే శరీరం, ఒకే వయసు, ఒకే గొంతు, ఐదుగురు మనుషులు. వయసు పెరిగి నటన పండిందనో, కాలం మారిందనో సాకు చెప్పడానికి వీల్లేదు. తేడా ఏదైనా ఉంటే అది పనితనంలోంచే రావాలి. శిఖరాల నమూనాను వదిలించుకోవడానికి కూడా ఇదే మంచి దారి అనిపించింది. పుస్తకం నేరుగా ఆ ఏడాదిలోకి దిగుతుంది. బాల్యం, పత్రిక, నాటకం తరువాత వస్తాయి.

రచయితకు ఒక పట్టిక గీసి ఇచ్చాను. ప్రతి సన్నివేశానికీ నాలుగు గళ్ళు. లోపలికి రాకముందు ఇతను ఎక్కడున్నాడు, ఇక్కడ ఇతనికి ఏం కావాలి, ఎవరిని చూస్తున్నాడు, వెళ్ళేటప్పుడు ఏం మారింది. మాటలు రాయొద్దన్నాను. మాటలు రాయడం మొదలుపెడితే రచన మళ్ళీ కథ చెప్పడంలోకి జారిపోతుంది.

ఆయన నింపి పంపిన వాటిలో 'స్టేజ్‌కోచ్' పట్టిక నా దగ్గర ఇంకా ఉంది. బూన్‌ను ఊళ్ళోంచి వెళ్ళగొడతారు. అదే బండిలో డాలస్ అనే వేశ్యనూ వెళ్ళగొడతారు. మర్యాదస్తులైన ఆడవాళ్ళు గుంపుగా వెనక వస్తుంటే, బూన్ ఆమెకు రాణిగారికి ఇచ్చినట్టు చెయ్యి అందిస్తాడు. రెండో గడిలో రచయిత "తోడు" అని రాశారు. బండిలో విస్కీ నమూనాలు మోసుకెళ్ళే పీకాక్ అనే పెద్దమనిషి పక్కన చేరి, ఆప్యాయంగా సంచీ ఖాళీ చేస్తాడు. మూడో గడిలో, అంటే ఎవరిని చూస్తున్నాడన్న చోట, "పీకాక్‌ను కాదు, సంచీని" అని ఉంది. తరువాత గర్భిణి అయిన సైనికాధికారి భార్య మజిలీలో కుప్పకూలుతుంది. తాగి ఉన్న ఈ ఒక్కడే డాక్టరు. నల్ల కాఫీ తెమ్మంటాడు, ఇంకా తెమ్మంటాడు, కడుపులోది కక్కేస్తాడు, చొక్కా చేతులు మడుచుకుని లోపలికి వెళ్తాడు. పురుడు మనకు చూపించరు. బయట ఎదురుచూస్తున్న మగవాళ్ళ ముఖాలు, తరువాత పసిబిడ్డను ఎత్తుకొచ్చిన డాలస్, ఆ వెనక ఇతను. నటుడికి దక్కినవి వెళ్ళడం, రావడం మాత్రమే. లోపల జరిగినదంతా ఆ రావడంలో కనబడాలి.

అసలు దొరికింది చివరి వరసలో. లార్డ్స్‌బర్గ్ సారాకొట్టులో ల్యూక్ ప్లమర్ తుపాకీ తీసుకుని కథానాయకుడు రింగోను చంపడానికి బయల్దేరుతుంటే, బూన్ అడ్డుపడి ఆ తుపాకీ వదిలి వెళ్ళమంటాడు. లేకపోతే హత్యానేరం మోపిస్తానంటాడు. ఆ బెదిరింపు వెనక అతని చేతిలో ఏ ఆయుధమూ లేదు. ల్యూక్ తుపాకీ పడేసి పోతాడు. అప్పుడు బూన్ గ్లాసు ఎత్తి, ఇంకెప్పుడూ నన్ను ఇలాంటి పని చేయనివ్వకు అని కొట్టు నడిపేవాడితో అంటాడు. ఆ ఒక్క మాటతో, ఇప్పటిదాకా అతను ఎంత భయపడ్డాడో మనకు వెనక్కి వెళ్ళి తెలుస్తుంది. "ధైర్యాన్ని ముందు, భయాన్ని తరువాత చూపించాడు" అని రచయిత పట్టిక అంచున పెన్సిలుతో రాశారు. పాత ముసాయిదాలో ఈ పాత్ర గురించి 'అద్భుతంగా నటించాడు' అని నాలుగుసార్లు ఉంది. ఆ నాలుగింటికీ బదులు ఈ ఒక్కటి సరిపోయింది.

కిడ్ పట్టిక ఇంకా బాగుంది. దక్షిణ అమెరికాలోని ఒక రేవు నుంచి కొండల మీదుగా టపా మోసే పైలట్ల కథ అది. కిడ్‌కు చూపు తగ్గుతోంది. జెఫ్‌గా వేసిన క్యారీ గ్రాంట్ అతన్ని విమానం ఎక్కనివ్వనంటాడు. ప్రాణస్నేహితుడి జీవనాధారాన్ని తీసేయడం అది. చివరికి కిడ్ గాయపడి చావుబతుకుల్లో బల్ల మీద పడుకుని ఉంటాడు. జెఫ్‌ను బయటికి వెళ్ళిపొమ్మంటాడు. మొదటిసారి ఒంటరిగా విమానం నడిపిన రోజున ఎవరూ చూడకూడదనుకున్నట్టే, ఇది కూడా కొత్త పని, సరిగ్గా చేయలేకపోతే ఎవరూ చూడకూడదని. మరణ సన్నివేశం అంటే నటుడికి పండుగ. కెమెరా తన మీదే ఉంటుంది, పక్కన ఏడ్చేవాళ్ళుంటారు. ఇక్కడ పాత్రే ప్రేక్షకులను పంపేస్తోంది. అంతటితో కిడ్ అయిపోడు. రెండువైపులా బొమ్మే ఉన్న అతని నాణెం జెఫ్ చేతికి వస్తుంది. నన్ను ఉండమని అడగవా అన్న కథానాయిక బానీకి, బొమ్మ పడితే ఉండు అని ఆ నాణెం ఎగరేసి ఇచ్చి జెఫ్ వెళ్ళిపోతాడు. నాణెం తిప్పి చూశాక గానీ ఆమెకు విషయం తెలియదు. కథానాయకుడు నోటితో చెప్పలేని ప్రేమను, చనిపోయిన పక్కపాత్ర జేబులోని వస్తువు చెబుతుంది. 'నాల్గో గడి' ఎందుకు పెట్టానో రచయితకు ఇక్కడ పూర్తిగా అర్థమైంది. పాత్ర వెళ్ళాక ఏం మిగిలిందన్నదే ఆ గడి.

జెరాల్డ్ ఒహారాను పట్టిక రెండు వరసల్లో తేల్చింది. మొదట సంధ్యవేళ కూతురి పక్కన నిలబడి, లోకంలో నిలిచేది భూమి ఒక్కటేనని చెప్పే తండ్రి. తరువాత, యుద్ధం ఊడ్చేసిన ఇంట్లో, చచ్చిపోయిన భార్యను అడిగి చెబుతానంటూ, ఓడిపోయిన దక్షిణాది ప్రభుత్వం ఇచ్చిన, చెల్లని కాన్ఫెడరేట్ బాండ్లు చూపించే ముసలివాడు. ఈ రెండింటి మధ్య మతి తప్పడం మనం చూడం. స్కార్లెట్‌తో పాటు మనమూ తలుపు దగ్గరే గ్రహించాలి. 'మిస్టర్ స్మిత్'లో డిజ్ అనే విలేఖరి, 'హంచ్‌బ్యాక్'లో క్లోపిన్ అనే బిచ్చగాళ్ళ రాజు పాత్రలకు తక్కువ పేజీలు ఇచ్చాం. 'మిస్టర్ స్మిత్' నుంచి ఆ ఏడాది సహాయ నటుల పోటీలో నిలిచింది క్లాడ్ రెయిన్స్, హ్యారీ కేరీ. డిజ్ చక్కటి పాత్రే గానీ, దాన్ని లేనిపోని ఎత్తుకు తీసుకెళ్ళడానికి రచయిత పడిన యాతన నాలుగు పేరాల్లో కనబడింది. మూడు తీసేశాం.

వెనక్కి, ముందుకు

1939 అయ్యాక పుస్తకం వెనక్కి తిరుగుతుంది. ఈ క్రమం వల్ల ఒక లాభం వచ్చింది. అతని విలేఖరి జీవితం, నాటక రచన ఇంతకు ముందు కేవలం వివరాలు. ఇప్పుడు అవి జవాబులు. ఫ్లాయిడ్ డెల్‌తో కలిసి 1928లో రాసిన 'లిటిల్ యాక్సిడెంట్' నాటకం మూడుసార్లు సినిమా అయింది, మూడోది 1944లో గ్యారీ కూపర్‌తో వచ్చిన 'కాసనోవా బ్రౌన్'. సన్నివేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో రచయితగా తెలిసినవాడు కాబట్టే, తనకిచ్చిన కొద్దిపాటి రాకపోకలను అలా మలుచుకోగలిగాడని రాతప్రతి అంటుంది. ఇది ఊహే, రుజువు కాదు. ఊహ అని తెలిసేలా వాక్యాన్ని మార్చి ఉంచాం.

ప్రచారంలో ఉన్న కథల మీద మాత్రం కాస్త వాదన జరిగింది. బిల్లీ బాబాయి తూలుతూ తెర పక్కకు వెళ్ళగానే పెద్ద చప్పుడు వినబడుతుంది, నాకేం కాలేదని అతను అరుస్తాడు. అది సిబ్బంది ఎవరో సామాను పడేస్తే వచ్చిన చప్పుడనీ, మిచెల్ అప్పటికప్పుడు కల్పించి నిలబెట్టాడనీ చెబుతారు. రచయితకు ఈ కథ ఎంతో ఇష్టం, ఒక పేజీ రాశారు. ఇలాంటి చోట నా నియమం ఒక్కటే. తెర మీద వినబడేది వాస్తవంగా రాయాలి. తెర వెనక జరిగిందంటున్నది 'అంటారు' అని ఒక్క వాక్యంలో రాయాలి. ఆ కథ లేకపోయినా సన్నివేశం సన్నివేశంలానే ఉంటుంది. పేజీ వాక్యమైంది.

తరువాతి సగంలో మేము గట్టిగా తర్కించుకున్నది 'హై నూన్' గురించి. 1952 నాటి ఈ చిత్రంలో మిచెల్ ఉండేది కొద్దిసేపే. తన మీద పగతో వస్తున్న ముఠాను ఎదుర్కోవడానికి సాయం కోసం చర్చికి వచ్చిన మార్షల్ (ఊరి పోలీసు అధికారి) కేన్ ముందు జనం రెండుగా చీలి అరుచుకుంటుంటే, మేయరు హెండర్సన్ లేస్తాడు. ఈ మనిషికి మనం ఎంతో రుణపడ్డాం అంటాడు. ఇది ఊరి సమస్య, అతనొక్కడిది కాదు అంటాడు. కేన్ ముఖంలో ఆశ కదులుతుంది. అదే ధోరణిలో, ఉత్తరాన ఉన్నవాళ్ళు ఇక్కడ డబ్బు పెట్టాలనుకుంటున్నారనీ, నడివీధిలో కాల్పులు జరిగితే ఆ డబ్బు రాదనీ అంటూ, సమయం ఉండగానే వెళ్ళిపొమ్మని ముగిస్తాడు. రచయిత దీన్ని 'ద్రోహి' అనే శీర్షిక కింద రాశారు. రెండో గడిలో ఏం రాశారని అడిగాను. "ఊరు బాగుండాలి" అని రాశారట. మరి ద్రోహి ఎలా అయ్యాడు? పొగిడినప్పుడున్న గొంతే పొమ్మన్నప్పుడూ ఉంది. మిచెల్ ఎక్కడా కపటం కనబడనివ్వలేదు. రెండు మాటలనూ ఆ మనిషి మనస్ఫూర్తిగానే నమ్ముతున్నాడు, కేన్‌కు తిరిగి వాదించే అవకాశం లేకుండా పోయింది అందుకే. శీర్షిక మారింది గానీ, రచయిత పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన అభిప్రాయాన్ని ఆయన మాటల్లోనే చివర ఒక పేరాగా ఉంచాం, పుస్తకం ఆయనది కదా.

తేలిన సంగతులు

క్యారెక్టర్ నటుడి మీద రాసేవారికి నేను ఇప్పుడు మొదటి రోజే ఆ నాలుగు గళ్ళ పట్టిక ఇస్తున్నాను. సినిమాల సంఖ్య రచయితను భయపెడుతుంది, ఏదీ వదలకూడదనిపిస్తుంది. ఆ మొత్తం జాబితాకు అనుబంధం ఉంది, వెనక చిన్న అక్షరాల్లో వేస్తే వెతికేవాళ్ళు వెతుక్కుంటారు. పుస్తకం లోపల ఒక చిన్న కాలాన్ని ఎంచుకుని అక్కడే తవ్వాలి. మిచెల్‌కు 1939 దొరికింది. అందరికీ అలాంటి ఏడాది దొరకదు. అప్పుడు ఒకే దర్శకుడి రెండు సినిమాలో, ఒకే రకం పాత్ర రెండుసార్లో తీసుకోవచ్చు. కెర్సెయింట్‌నూ బూన్‌నూ పక్కపక్కన పెడితే ఈ పని జరిగేదే. రకాలవారీ విభజన పనికిరానిది కాదు, రకం దగ్గర ఆగిపోతేనే చిక్కు.

బహుమతుల గురించి కూడా ఒక జాగ్రత్త. ఆస్కార్, టీవీకిచ్చే ఎమ్మీ, టోనీ మూడూ నటనకు అందుకున్న తొలి పురుషుడు మిచెల్. రచయిత దీన్ని మొదటి వాక్యంగా పెట్టారు. అది పుస్తకం కొనిపించే వాక్యమే గానీ, చదివించే వాక్యం కాదు. అట్ట వెనక్కి పంపాం.

చివరి అధ్యాయంగా 1962 నాటి రంగస్థల యాత్రను ఎంచుకున్నాం. లెవిన్సన్, లింక్ రాసిన 'ప్రిస్క్రిప్షన్: మర్డర్' నాటకంలో ప్రధాన పాత్ర హంతకుడు, దాన్ని జోసెఫ్ కాటన్ ధరించాడు. హంతకుణ్ణి పట్టుకునే పోలీసు అధికారిగా మిచెల్ వేశాడు. ఆ అధికారి పేరు కొలంబో. అప్పటికది పక్కపాత్రే. 1968లో పీటర్ ఫాక్ టీవీలో వేశాకే లోకానికి తెలిసింది.

ప్రూఫులు ప్రస్తుతం రచయిత దగ్గర ఉన్నాయి. తేలనిది ముఖచిత్రం ఒక్కటే. మిచెల్‌ను ఎవరూ గుర్తుపట్టరు కాబట్టి 'గాన్ విత్ ద విండ్' కథానాయకుడు క్లార్క్ గేబుల్ బొమ్మ వేద్దామని ప్రచురణకర్త అంటున్నారు. కాఫీ కప్పు పట్టుకున్న డాక్టరు బూన్ తప్ప ఇంకెవరూ వద్దని రచయిత అంటున్నారు.